హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి కంట్లో సిఫిలిస్: తుంటికి ఒక్క ఇంజెక్షన్ సరిపోతుందా?

రాజోలు దగ్గర పల్లె నుంచి ఒకావిడ తన తమ్ముడి గురించి అడిగారు. అబ్బాయికి 34 ఏళ్ళు. హెచ్‌ఐవీ ఉందని తెలిసి ఆరేళ్ళయింది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణిచే) మందులు ఒక్క పూట మానలేదు, వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ లెక్క, పరీక్షలో కనపడనంత తక్కువగా ఉంది. మూడు వారాలుగా ఎడమ కన్ను మసక. మొదట చూపించిన చోట స్టిరాయిడ్ చుక్కలు ఇచ్చారు, తగ్గలేదు. రెండో డాక్టరు రక్తపరీక్ష రాస్తే సిఫిలిస్‌ని పట్టే రెండు పరీక్షలూ, వీడీఆర్‌ఎల్ 1:64 (రక్తాన్ని 64 రెట్లు పలచన చేసినా పాజిటివ్ అని అర్థం), టీపీహెచ్‌ఏ, పాజిటివ్ వచ్చాయి. "ఇది కంట్లో సిఫిలిస్, పద్నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండాలి" అన్నారట. సిఫిలిస్ అంటే శృంగారం ద్వారా సోకే సుఖవ్యాధి. ఊళ్ళో ఆర్‌ఎంపీ మాత్రం తుంటికి ఒక్క ఇంజెక్షన్ చేస్తే పోయేదానికి అన్ని రోజులెందుకు అంటున్నాడు. ఆవిడ అడిగినవి నాలుగు: ఎవరి మాట వినాలి, హెచ్‌ఐవీ మందులు పనిచెయ్యడం మానేశాయా, చూపు తిరిగొస్తుందా, మరదలికి ఏం చెప్పాలి.

ముందు సూటిగా చెప్పేస్తాను. రెండో డాక్టరు చెప్పిందే సరి. ఆ ఒక్క ఇంజెక్షన్ కంటికి చాలదు. రేపే అడ్మిట్ చేయించండి. హెచ్‌ఐవీ మందులు ఓడిపోలేదు. మూడు వారాలకే జబ్బు పట్టుబడింది కాబట్టి చూపు బాగుపడే అవకాశం బాగా ఉంది. ఇంకో నెల ఆగితే ఇదే మాట ఇంత ధైర్యంగా చెప్పలేను.

నేను రాజమండ్రిలో ఇరవై ఏళ్ళకు పైగా కంటి డాక్టరుగా చేస్తున్నాను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి రెటీనా (కంటి వెనక పొర) జబ్బులు, కంటి లోపలి వాపులు. అటు కాకినాడ నుంచి ఇటు నరసాపురం దాకా లంక గ్రామాల వాళ్ళు, చెరువుల మీద పనిచేసేవాళ్ళు, గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్ళు వస్తుంటారు. ఈ జబ్బు రోజూ కనపడేది కాదు. అయితే కనపడిన ప్రతిసారీ దాదాపు ఒకటే కథ: ఇంకేదో అనుకుని వారాలు పోగొట్టుకుని వస్తారు. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నాను.

మన జిల్లాల్లో పెద్దవాళ్ళు దీన్ని సవాయి అనేవారు. సెగ వేరు, అది గనేరియా. రెండూ కలిపేసి "మా వాడికి ఎప్పుడూ మూత్రంలో మంట రాలేదండీ" అంటారు. సిఫిలిస్‌లో మంట ఉండదు. మర్మావయవం మీద, కొన్నిసార్లు నోట్లోనో మలద్వారం దగ్గరో, నొప్పి లేని ఒక పుండు వస్తుంది. మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. తర్వాత కొందరికి ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్ళలో రాగి రంగు మచ్చలు వస్తాయి. దురద పెద్దగా ఉండదు. అవీ పోతాయి. రొయ్యల చెరువులో సున్నం చల్లే ఒకతను తన అరచేతులు చూపించి "సున్నం కొట్టిందండీ" అన్నాడు. సున్నం కొడితే చర్మం ఊడుతుంది, మండుతుంది. ఇతని అరచేతుల్లో గుండ్రటి మచ్చలు, అంచున సన్నటి పొట్టు, పాదాల కింద కూడా అవే. ఆ మచ్చలు చూశాకే నేను అతని కంటి జబ్బుకి పేరు పెట్టగలిగాను.

మచ్చలు పోయాక జబ్బు పోయిందనుకుంటారు. క్రిమి మాత్రం ఒంట్లోనే ఉంటుంది. ట్రెపొనీమా పాలిడమ్ దాని పేరు, స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. 1905లో జర్మనీలో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు దాన్ని గుర్తించారు. అది పుండు దశలోనైనా, మచ్చల దశలోనైనా, ఏళ్ళ తర్వాతైనా కంట్లోకి వెళ్ళగలదు. "ఇప్పుడు ఒంటి మీద ఏమీ లేదు కదా" అన్న మాటకి కంటి విషయంలో విలువ లేదు.

ఒక్క ఇంజెక్షన్ ఎందుకు చాలదు? ఆర్‌ఎంపీ చెప్పేది బెంజథీన్ పెనిసిలిన్, 24 లక్షల యూనిట్లు. అది మంచి మందే. కొత్తగా వచ్చిన సిఫిలిస్‌కి, కన్ను, చెవి, మెదడు బాగున్నప్పుడు అదే సరైన వైద్యం. సుఖవ్యాధులకి చూసే ప్రభుత్వ సురక్షా క్లినిక్‌లలో పుండుతో వచ్చినవాళ్ళకి ఇచ్చే తెల్ల కిట్‌లోనూ అదే ఉంటుంది. అందుకే ఆర్‌ఎంపీకి అది తెలుసు, అతను అబద్ధం చెప్పడం లేదు. అయితే ఆ మందు కండలో ముద్దలా ఉండిపోయి, కొద్దికొద్దిగా కరుగుతూ వారాల తరబడి రక్తంలో పలచగా ఉంటుంది. మెదడుకీ రెటీనాకీ రక్తం నుంచి ఏది పడితే అది దూరకుండా ఒక అడ్డుగోడ ఉంటుంది. అంత పలచటి మందు ఆ గోడ దాటి చాలినంత లోపలికి వెళ్ళదు.

అందుకే కంటి సిఫిలిస్‌కి మెదడు సిఫిలిస్‌కి చేసే వైద్యమే చేస్తాం. క్రిస్టలైన్ పెనిసిలిన్ నరంలోకి, రోజుకి కోటీ ఎనభై లక్షల నుంచి రెండు కోట్ల నలభై లక్షల యూనిట్లు, 10 నుంచి 14 రోజులు. అంటే నాలుగు గంటలకొకసారి 30 నుంచి 40 లక్షలు. ఈ పెనిసిలిన్ రక్తంలో నిలవదు, అరగంట ముప్పావుగంటకి సగం పోతుంది. కాబట్టి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అంటే కుదరదు. ఇక క్రిమి సంగతి చూస్తే, అది ఒకటి రెండు కావడానికే ముప్పై గంటలు పైన పడుతుంది. పెనిసిలిన్ దాన్ని చంపేది అది పెరిగే సమయంలోనే. నెమ్మదిగా పెరిగేదాన్ని చంపాలంటే మందు రోజుల తరబడి తెగకుండా ఉండాలి. పద్నాలుగు రోజుల లెక్క అక్కడి నుంచి వచ్చింది, ఆసుపత్రి బిల్లు కోసం వేసింది కాదు. మందు కూడా ఖరీదైంది కాదు, ఖర్చంతా మంచానికీ పోగొట్టుకునే కూలికీ. ఆ బాధ నాకు తెలుసు. కోతల రోజుల్లో రెండు వారాలు మంచం మీద ఉండమంటే ఇంట్లో ఏమవుతుందో తెలిసే చెబుతున్నాను. ప్రైవేటు ఖర్చు భరించలేకపోతే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి లాంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. వైద్యం మాత్రం కుదించొద్దు.

మీరు ఒక పని చెయ్యాలి. పక్కన ఉండేవాళ్ళ ఫోన్‌లో అలారం పెట్టుకోండి: రెండు, ఆరు, పది, మళ్ళీ రెండు, ఆరు, పది. తెల్లవారుజామున రెండు గంటల డోసే ఎక్కువగా తప్పిపోతుంది. వార్డులో ఒకే సిస్టరమ్మ నలభై మందిని చూసుకుంటూ ఉంటుంది. మీరు లేచి వెళ్ళి "అమ్మా, రెండయింది" అని మర్యాదగా గుర్తు చెయ్యండి. మూడు నాలుగు రోజులకి చేతి నరం ఎర్రబడి వాస్తుంది, గట్టిపడుతుంది. నరంలో పెట్టిన గొట్టం (కాన్యులా) మార్చమని అడగండి, ఆ నొప్పికి భయపడి ఇంటికి వచ్చెయ్యొద్దు.

పెనిసిలిన్ పడదేమో అన్న భయంతో కొన్ని చిన్న ఆసుపత్రులు అసలు ముట్టుకోవు. మీవాడికి ఇంతకుముందు పెనిసిలిన్‌కి ఒళ్ళు దద్దుర్లెక్కడం, ఆయాసం రావడం జరిగి ఉంటే తప్పక చెప్పండి. అప్పుడు సెఫ్‌ట్రయాక్సోన్ రోజూ నరంలోకి 10 నుంచి 14 రోజులు ఇవ్వడం ఒక దారి. లేదా ఐసీయూ ఉన్నచోట చిన్న చిన్న మోతాదులతో పెనిసిలిన్‌కి ఒంటిని అలవాటు చేసి ఇవ్వడం ఇంకో దారి. అజిత్రోమైసిన్ మాత్రలతో సరిపెడదామంటే మాత్రం ఒప్పుకోకండి.

ఇక స్టిరాయిడ్ చుక్కల సంగతి. మొదటి డాక్టరు మీద కోపం పెట్టుకోకండి. కంటి లోపల వాపు వచ్చిందంటే స్టిరాయిడ్ చుక్కలు వెయ్యడం మామూలే, చాలామందికి తగ్గుతుంది కూడా. సిఫిలిస్ మాత్రం ఏ జబ్బు వేషమైనా వేస్తుంది. కన్ను ముందు భాగంలో ఎర్రదనం, లోపల మసక, రెటీనా మీద తెల్లటి మచ్చలు, రక్తనాళాల వాపు, కంటి నరం వాపు, వీటిలో ఏ రూపంలోనైనా రావచ్చు. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి చాలామంది చూపు టీబీ వైపే పోతుంది. హెచ్‌ఐవీ ఉందంటే సీఎంవీ రెటినైటిస్ (సీఎంవీ అనే వైరస్‌తో వచ్చే రెటీనా జబ్బు) వైపు పోతుంది. సీఎంవీ ఎక్కువగా సీడీ4 (రోగనిరోధక శక్తిని చూపే కణాల లెక్క) యాభై కన్నా కిందికి పడిపోయినవాళ్ళకి వచ్చేది. సిఫిలిస్‌కి అలాంటి పట్టింపు లేదు, సీడీ4 ఏడొందలున్నా వస్తుంది. అందుకే మీ తమ్ముడి మందులు ఓడిపోలేదన్నాను. ఏఆర్‌టీ హెచ్‌ఐవీని అణుస్తుంది, సిఫిలిస్‌ని ఆపదు. రెండూ ఒకే దారిన వచ్చే జబ్బులు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి సిఫిలిస్ సోకితే కంటికీ మెదడుకీ పాకే ముప్పు కొంచెం ఎక్కువ.

మలికిపురం వైపు ఒకతను, కువైట్‌లో ఇంటి కారు నడిపేవాడు, రెండు నెలల సెలవు మీద వచ్చాడు. "కళ్ళముందు పొగమంచులో రావులపాలెం వంతెన ఎక్కినట్టుంది" అన్నాడు. అంతకుముందే ఒకచోట టీబీకి చేతి మీద చేసే మాంటూ పరీక్ష వాచిందని టీబీ మందులు, వాటితోపాటు స్టిరాయిడ్ మాత్రలు మొదలుపెట్టారు. నాలుగు రోజులు బాగున్నట్టే ఉండి చూపు అమాంతం పడిపోయింది. నా దగ్గరికి వచ్చేసరికి కుడి కంటితో రెండడుగుల దూరంలో వేళ్ళు లెక్కపెట్టడమే. రెటీనా మధ్యలో, చూపుకి కీలకమైన చోట, పసుపు కలిసిన బూడిద రంగులో పళ్ళెంలాంటి గుండ్రటి మచ్చ. ఆ మచ్చ చూస్తే సిఫిలిస్ పరీక్ష చెయ్యకుండా పంపకూడదు. వీడీఆర్‌ఎల్ 1:128. హెచ్‌ఐవీ ఉన్నట్టూ ఆ రోజే తెలిసింది. స్టిరాయిడ్ మాత్రలు ఆపించి పెనిసిలిన్ పెట్టించాం. ఐదో రోజున గోడ మీద క్యాలెండర్‌లో అంకెలు కనపడుతున్నాయన్నాడు. రెండు నెలలకి చూపు 6/9, అంటే దాదాపు మామూలుకి వచ్చింది. ఈ పళ్ళెం మచ్చ రకం త్వరగా పట్టుకుంటే ఇలాగే బాగా కోలుకుంటుంది.

రెండో కథ అలా ముగియలేదు, అందులో నా తప్పు ఉంది. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని చేసే ఆవిడ, ఏఆర్‌టీ మీద మూడేళ్ళుగా ఉంది. నాలుగు నెలలు మసకని వయసు మీద తోసేసి, రాత్రిళ్ళు నందివర్ధనం పూలు కళ్ళ మీద పెట్టుకుని పడుకునేది. వచ్చేటప్పటికి రెండు కళ్ళలోనూ నరం వాచి ఉంది. వీడీఆర్‌ఎల్ రాశాను, నెగెటివ్ వచ్చింది. నేను ఆ కాగితం పక్కన పెట్టేసి టీబీ, ఇతర కారణాలు వెతుకుతూ పదకొండు రోజులు పోగొట్టాను. తర్వాత అనుమానం తీరక టీపీహెచ్‌ఏ చేయిస్తే గట్టి పాజిటివ్. ల్యాబ్‌కి ఫోన్ చేసి అదే రక్తాన్ని పలచన చేసి మళ్ళీ చూడమంటే వీడీఆర్‌ఎల్ 1:256. రక్తంలో యాంటీబాడీలు మరీ ఎక్కువైపోతే పరీక్షలో గుంపులు కట్టవు, నెగెటివ్‌లా కనిపిస్తుంది. పలచన చేస్తేనే అసలు రంగు బయటపడుతుంది. దీన్ని ప్రోజోన్ అంటాం, పుస్తకంలో చదివిందే, ఆ రోజు నాకు తట్టలేదు. ఆవిడ కుడి కన్ను చాలావరకు కోలుకుంది. ఎడమ కంటితో ఇప్పటికీ చెయ్యి ఊపితే తెలియడం తప్ప ఏమీ కనపడదు. ఆ పదకొండు రోజులే కారణమని ఖాయంగా చెప్పలేను, ఆ నాలుగు నెలలూ ఉన్నాయి. అయినా అప్పటి నుంచి వీడీఆర్‌ఎల్ ఒక్కటే రాయను, టీపీహెచ్‌ఏ కూడా రాస్తాను, అనుమానం ఉంటే పలచన చేసి చూడమని చీటీ మీదే రాస్తాను. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి కన్ను ఎర్రబడినా, మసకబడినా, నల్ల చుక్కలు తేలినా స్టిరాయిడ్ మాత్రలకి ముందే ఈ రెండు పరీక్షలు చేయించమని మీరే డాక్టర్ని అడగండి. అడగడం తప్పు కాదు.

స్టిరాయిడ్ అసలు వాడకూడదని కాదు. పెనిసిలిన్ మొదలయ్యాక వాపు ఎక్కువగా ఉంటే చుక్కలో మాత్రలో డాక్టరు ఇస్తారు. పెనిసిలిన్ లేకుండా వాడితేనే ముప్పు. ఇక్కడ ఏఆర్‌టీతో ఒక ముడి ఉంది. మీ తమ్ముడు రిటోనవిర్ అనే మందు కలిసిన రెండో వరస ఏఆర్‌టీ (మొదటి మందులు పనిచెయ్యనప్పుడు ఇచ్చేవి) మీద ఉంటే, కంటి పక్కన వేసే స్టిరాయిడ్ ఇంజెక్షన్ కూడా ఒంట్లో పేరుకుపోతుంది. ఆ సంగతి కంటి డాక్టరుకి ముందే చెప్పాలి. డోల్యుటెగ్రవిర్ అనే మందు ఉన్న ఏఆర్‌టీ మాత్ర అయితే ఆ గొడవ లేదు. దానికి వేరే జాగ్రత్త ఉంది: వార్డులో గ్యాస్ సిరప్ ఇస్తే ఏఆర్‌టీ మాత్ర దానికి రెండు గంటలు ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి, కలిపి వేసుకుంటే మాత్ర ఒంటికి పట్టదు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఏఆర్‌టీ ఒక్క రోజు కూడా ఆపొద్దు.

వెన్నులో నీరు తీస్తారని భయపడుతున్నారని రాశారు. నడుం పడిపోతుందన్న మాట మన ఊళ్ళలో బాగా పాకిపోయింది, అలా జరగదు. కొన్ని రోజులు తలనొప్పి ఉండొచ్చు. అయినా ఆ పరీక్ష అందరికీ తప్పనిసరి కాదు. రక్తపరీక్ష పాజిటివ్, కంట్లో జబ్బు స్పష్టంగా ఉంది, ఇంకే నరాల లక్షణమూ లేదు అనుకుంటే అది లేకుండానే వైద్యం మొదలుపెట్టొచ్చు. తలనొప్పి, మాట తడబడటం, మూతి వంకర పోవడం, రెండుగా కనపడటం ఉంటే మాత్రం చేయించాలి. చెవి వినపడటం తగ్గిందా, చెవిలో హోరు వస్తోందా అని మీ తమ్ముణ్ణి ఈ రోజే అడగండి. ఈ జబ్బు చెవిలోకీ వెళ్తుంది, చాలామంది డాక్టర్లు అడగరు, రోగులు చెప్పరు.

మరదలి సంగతి. ఇది రాయడానికే మీకు చాలా కష్టమై ఉంటుంది. ఆ అమ్మాయికి రక్తపరీక్ష చేయించాలి, ఇందులో మొహమాటం పనికిరాదు. సిఫిలిస్ ఎప్పుడు సోకిందో పరీక్ష చెప్పదు. ఏళ్ళ కిందటిది ఇప్పుడు బయటపడి ఉండొచ్చు, నిన్న మొన్నటిదీ కావచ్చు. కాబట్టి కాగితం పట్టుకుని ఎవరినీ నిలదీయకండి. గర్భంతో ఉంటే ఆలస్యం అసలు వద్దు, కడుపులో బిడ్డకి సోకుతుంది, సమయానికి పెనిసిలిన్ ఇస్తే ఆపగలం. గత మూడు నెలల్లో ఇంకెవరితోనైనా సంబంధం ఉంటే వాళ్ళకీ వైద్యం కావాలి. ఆ మాట అక్కగా మీరు అడగలేరు. ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సిలర్ ఉంటారు, వాళ్ళకి వదిలెయ్యండి, మీవాడు వాళ్ళతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. వైరల్ లోడ్ కనపడనంత తక్కువగా ఉంటే హెచ్‌ఐవీ శృంగారం ద్వారా అవతలివాళ్ళకి సోకదు, నిజమే. ఆ ధైర్యంతో కండోమ్ మానేసినవాళ్ళని నేను చూశాను. సిఫిలిస్‌కి ఆ రక్షణ వర్తించదు. ఒకసారి తగ్గినా మళ్ళీ సోకుతుంది కూడా.

ఊళ్ళో తెలిసిపోతుందన్న టెన్షన్ మీ ఉత్తరం నిండా ఉంది. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం రోగి ఒప్పుకోకుండా అతని సంగతి ఇంకొకరికి చెప్పడం మామూలుగా చట్టవిరుద్ధం, హెచ్‌ఐవీ ఉందని వైద్యం నిరాకరించడమూ కుదరదు. ఎక్కడైనా మంచం ఇవ్వడానికి ఒప్పుకోకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, ఆ కాల్‌కి డబ్బు కట్టక్కర్లేదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలకి "కంటికి ఇన్ఫెక్షన్, ఇంజెక్షన్లు ఇస్తున్నారు" అనండి చాలు. అది అబద్ధం కాదు.

తర్వాత ఏం చూస్తారంటే, వీడీఆర్‌ఎల్ అంకె పడుతోందా లేదా. ఇప్పుడు 1:64 ఉంది, అది కనీసం రెండు మెట్లు దిగి 1:16కి రావాలి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకి 3, 6, 9, 12, 24 నెలలకి చేయిస్తాం. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి, వీడీఆర్‌ఎల్ అయితే వీడీఆర్‌ఎలే, అలాంటిదే ఇంకో పరీక్ష ఆర్‌పీఆర్ అయితే ఆర్‌పీఆరే, మారిస్తే పోల్చలేం. టీపీహెచ్‌ఏ మాత్రం చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి జబ్బు పోలేదని బెంగపడకండి.

బయల్దేరేటప్పుడు ఏఆర్‌టీ పుస్తకం, మాత్రల డబ్బా, ఇప్పటిదాకా వేసిన చుక్కల సీసాలు, రక్తపరీక్ష కాగితాలు ఒకే సంచిలో పెట్టుకోండి. కుడి కన్ను బాగానే ఉందని రాశారు, అయినా చుక్కలేసి దాన్ని కూడా లోపలిదాకా చూడమనండి, నొప్పీ మసకా లేకుండానే అందులో మొదలై ఉండొచ్చు. పెనిసిలిన్ మొదలైన మొదటి రోజు చలిజ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు రావచ్చు. క్రిములు ఒక్కసారిగా చచ్చినప్పుడు ఒళ్ళు అలా స్పందిస్తుంది, ఒక రోజులో తగ్గుతుంది. దాన్ని మందు పడలేదనుకుని ఆపించెయ్యకండి. దద్దుర్లు, ఆయాసం, పెదవులు వాయడం వస్తే మాత్రం అది వేరు, వెంటనే సిస్టరమ్మని పిలవండి. అడ్మిట్ అయ్యాక వార్డులో ఏ మందు ఎన్ని గంటలకి ఇస్తున్నారో ఇక్కడ రాయండి, నేను చూస్తాను.